చిన్న జలుబేనా? ఒక్క నిమిషం లెక్కపెట్టి చూడండి!

పిల్లలున్న ఇంట్లో జలుబు చుట్టం లాంటిది. పిలవకుండానే వస్తుంది, నాలుగు రోజులుండి తనంతట తనే పోతుంది. గోరువెచ్చటి నీళ్ళు, వాము కషాయం, తమలపాకు వెచ్చచేసి గుండెల మీద వేయడం... మన అమ్మలూ అమ్మమ్మలూ చేసినవే మనమూ చేస్తాం. చాలాసార్లు వాటితోనే సరిపోతుంది కూడా. అసలు చిక్కంతా సరిపోని ఆ ఒకటి రెండుసార్లతోనే. ముక్కు కారడంతో మొదలైన జబ్బు రెండు రోజుల్లో ఛాతీలోకి దిగుతుంది. పిల్లాడు పాలు వదిలేస్తాడు, డొక్కలెగరేస్తాడు. "నిన్నటి దాకా బాగానే ఉన్నాడండీ!" అంటూ ఆస్పత్రి వరండాలో కన్నీళ్ళు పెట్టుకునే తల్లిని మీరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు.

మన పెద్దవాళ్ళు దీన్ని 'నెమ్ము చేసింది' అనేవారు. డాక్టర్లు న్యుమోనియా అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో అయిదేళ్ళలోపు పిల్లలు 7 లక్షల 40 వేల మంది దీనికే బలయ్యారు. ఆ వయసులో చనిపోయిన ప్రతి వందమందిలో 14 మంది అన్నమాట. న్యుమోనియా తెచ్చే క్రిములు చాలానే ఉన్నాయి. వైరస్‌లూ తెస్తాయి, బాక్టీరియాలూ తెస్తాయి. బాక్టీరియాల్లో పెద్దన్న మాత్రం న్యుమోకాకస్. పేరు నోరు తిరక్కపోయినా ఫర్వాలేదు. ఇదేం చేస్తుందో, దీన్ని ఎలా గుర్తుపట్టాలో, గడప దాటి లోపలికి రాకుండా ఎలా ఆపాలో మాత్రం ప్రతి ఇల్లాలికీ తెలిసి తీరాలి.

నేను డాక్టర్ని కాను. చదివింది చదివి, తెలిసినవాళ్ళని అడిగి, నా కళ్ళతో చూసింది కలిపి ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

మన ముక్కులోనే కాపురం

న్యుమోకాకస్ ఎక్కడో మురికి కాలవలో పుట్టి మన మీదికొచ్చే క్రిమి కాదు. ఆరోగ్యంగా ఉన్న మనుషుల ముక్కు వెనుక, గొంతు పైభాగంలో హాయిగా కాపురముంటుంది. పసిపిల్లల్లో మరీ ఎక్కువ. చాలామందికి అది ఉన్నట్టు కూడా తెలియదు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, ఎంగిలి చేతులతో బుగ్గలు నిమిరినప్పుడు ఒకరి నుంచి ఒకరికి చేరుతుంది.

దీన్ని కనిపెట్టిన కథ కూడా ఇదే చెబుతుంది. 1881లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, అమెరికాలో జార్జి స్టెర్న్‌బర్గ్ అనే సైనిక వైద్యుడు ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే దీన్ని పట్టుకున్నారు. పాశ్చర్ వాడింది పిచ్చికుక్క కాటుతో చనిపోయిన ఒక పసివాడి లాలాజలం. స్టెర్న్‌బర్గ్ వాడింది తన సొంత ఉమ్మి! నిక్షేపంగా తిరుగుతున్న మనిషి ఉమ్మి కుందేలుకి ఎక్కిస్తే అది చచ్చిపోయింది. ఒకరికి ఏమీ చేయని క్రిమి మరొకరి ప్రాణం తీయగలదని అప్పుడే తెలిసిందన్నమాట.

సూక్ష్మదర్శినిలో చూస్తే ఈ క్రిములు జంటలు జంటలుగా, కాస్త మొన తేలిన గింజల్లా కనిపిస్తాయి. దీని బలమంతా ఒంటి మీది చొక్కాలో ఉంది. అది చక్కెర జాతి పదార్థంతో అల్లిన చొక్కా. దాన్ని కప్పుకోవడం వల్ల మన రక్తంలోని కాపలా కణాలకి ఇది అంత తేలిగ్గా చిక్కదు. పైగా అందరిదీ ఒకే చొక్కా కాదు, దాదాపు వంద రకాలు! అందుకే ఒకసారి జబ్బు పడి లేచినా మరో రకం చొక్కాతో మళ్ళీ రావచ్చు.

చిత్రమేమిటంటే, తల్లిదండ్రుల పోలికలు పిల్లలకి వచ్చేది డి.ఎన్.ఏ. ద్వారానే అన్న సంగతి కూడా ఈ క్రిమి మీద చేసిన పరిశోధనల్లోనే 1944లో తేలింది. ఇంత విద్యనిచ్చిన క్రిమి ఇన్ని ప్రాణాలు తీసుకోవడం చూస్తే ఏమనాలో తోచదు.

ఎక్కడికి చేరితే ఆ జబ్బు

ముక్కులో ఉన్నంతసేపూ ఇది సాధువే. జలుబో, ఫ్లూనో, తట్టో (పొంగు) వచ్చి ఒళ్ళు నీరసించిందా, ఇక కదులుతుంది.

చెవిలోకి జారితే చెవిపోటు, చీము. "మా బాబుకి ఎప్పుడూ చెవి కారుతుందండీ, అదే తగ్గిపోతుందిలే" అంటుంటారు కొందరు. మాటిమాటికీ కారే చెవి వల్ల వినికిడి తగ్గుతుంది. వినికిడి తగ్గితే మాటలు ఆలస్యం, చదువు వెనక. బళ్ళో పరధ్యానంగా ఉంటాడని దెబ్బలు తినే పిల్లల్లో చెవి సరిగ్గా వినపడనివాళ్ళు ఎందరో!

ముఖం ఎముకల్లోని గాలి గదుల్లోకి చేరితే సైనస్. ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా. గాలి నిండాల్సిన చిన్న చిన్న తిత్తుల్లో నీరూ చీమూ నిండుతాయి. ఊపిరి అందక పిల్లాడు గబగబా గాలి పీల్చడం మొదలెడతాడు. రక్తంలో కలిస్తే ఒళ్ళంతా విషం పాకినట్టే, గంటల మీద ప్రాణం మీదికొస్తుంది.

అన్నిటికన్నా భయంకరమైనది మెదడు చుట్టూ ఉండే పొరలకు సోకడం. దీన్ని మెనింజైటిస్ అంటారు. మెదడువాపు అనగానే మనకి దోమలు గుర్తొస్తాయి. ఇది వేరు, దీనికి దోమతో పనిలేదు. జ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోవడం, మూర్ఛలు, వెలుతురు చూడలేకపోవడం దీని లక్షణాలు. నెలల పిల్లల్లో మెడ బిగుసుకోకపోవచ్చు. మాడు ఉబ్బడం, ఆపకుండా సన్నగా ఏడవడం, పాలు తాగకపోవడం, మత్తుగా పడుండటం చూసుకోవాలి. బతికి బయటపడ్డ పిల్లల్లో కూడా కొందరికి చెముడు, ఫిట్స్, బుద్ధిమాంద్యం జీవితాంతం ఉండిపోతాయి.

స్టెతస్కోపు అక్కర్లేని పరీక్ష

ఇది జలుబా, న్యుమోనియా? డాక్టరు దగ్గరికి ఇప్పుడే పరిగెత్తాలా, పొద్దున దాకా ఆగొచ్చా? రాత్రి పదకొండింటికి ఏ తల్లికైనా వచ్చే సందేహమే ఇది. దీనికి జవాబు చెప్పే పరీక్ష ఒకటుంది. దానికి కావలసినవి రెండే: సెకన్ల ముల్లున్న గడియారం, ఓపిక.

పాపువా న్యూగినీ అనే ద్వీప దేశంలో ఫ్రాంక్ షాన్ అనే పిల్లల డాక్టరు పనిచేసేవారు. కొండల మధ్య ఊళ్ళు. ఎక్స్‌రేలు లేవు, డాక్టర్లు లేరు. ఊపిరి వేగాన్ని నిమిషం పాటు లెక్కపెడితే న్యుమోనియాని చాలావరకు గుర్తుపట్టవచ్చని ఆయనా, ఆయనతోటి వాళ్ళూ 1980ల్లో చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతినే అన్ని దేశాలకీ నేర్పింది.

అది మనకి మరీ దగ్గరగా రుజువైంది మహారాష్ట్రలోని గడ్చిరోలిలో. ప్రాణహిత, గోదావరి దాటితే తెలంగాణకి పక్క జిల్లానే. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1988 ప్రాంతంలో పల్లెల్లోని ఆరోగ్య కార్యకర్తలకీ మంత్రసానులకీ ఊపిరి లెక్కపెట్టి న్యుమోనియాని గుర్తుపట్టడం, మందు ఇవ్వడం నేర్పారు. మంత్రసానులకి యాభై దాకా లెక్క ఎక్కడొస్తుంది? అందుకని పూసల చట్రం ఒకటి తయారుచేశారు. దానితోపాటు ఒక నిమిషం ఇసుక గడియారం. పది ఊపిరులకి ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోగా ఎర్ర పూస దాకా వచ్చిందా, అది న్యుమోనియా!

ఫలితం 1990లో ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. ఈ పద్ధతి లేని పల్లెల్లో అయిదేళ్ళలోపు పిల్లలు వెయ్యిమందికి ఏడాదికి 17.5 మంది న్యుమోనియాతో పోతుంటే, ఉన్న పల్లెల్లో 8.1 మంది. సగం కన్నా తక్కువ! పెద్ద ఆస్పత్రి కట్టి కాదు, అక్షరం రాని ఆడవాళ్ళ చేతికి పూసలిచ్చి సాధించిన విజయమిది. మరి డిగ్రీలు చదువుకుని, చేతిలో సెల్‌ఫోను పెట్టుకున్న మనం చేయలేమా?

ఎలా లెక్కపెట్టాలంటే...

పిల్ల నిద్రలోనో, నెమ్మదిగా ఉన్నప్పుడో చూడాలి. పాలు తాగుతున్నప్పుడు, ఏడుస్తున్నప్పుడు వద్దు. చొక్కా పైకి తీసి పొట్టా ఛాతీ కనిపించేలా ఉంచండి. ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒకటి. అలా పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయకండి, పసివాళ్ళ ఊపిరి ఒక తీరుగా ఉండదు.

రెండు నెలల్లోపు పాపకి నిమిషానికి 60, ఆపైన.
రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఆపైన.
ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40, ఆపైన.

లెక్క ఇంత వచ్చిందంటే న్యుమోనియా అనుమానించాలి. ఆ రోజే డాక్టరుకి చూపించాలి. రెండు నెలల్లోపు పాపకి ఎక్కువ వస్తే మరోసారి లెక్కపెట్టండి. రెండోసారీ అంతే ఉంటే ఆలస్యం చేయొద్దు.

ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ ఉబ్బాలి కదా! అలాకాక ఛాతీ కింది భాగం లోపలికి పీక్కుపోతుంటే, అదే మన పెద్దవాళ్ళు చెప్పే 'డొక్కలెగరేయడం', అది ఇంకా ముదిరిన లక్షణం. దానితోపాటు పాలూ నీళ్ళూ తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, లేపినా లేవనంత మత్తు, పెదవులు నీలం తిరగడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకండి. 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండి ఎక్కి ఆస్పత్రికి వెళ్ళండి.

అబ్బాయికి ఆటో, అమ్మాయికి కషాయం

'అనుమతి' అన్నమాట ఊరికే రాయలేదు. మా ఇంట్లో పనిచేసే ఆమె ఒకసారి తన ఎనిమిది నెలల మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. పాప ఎగశ్వాస పెడుతోంది. "ఎప్పట్నుంచి ఇలా?" అంటే, "నిన్న పొద్దుట్నుంచమ్మా! వాళ్ళ నాయనొచ్చినాక సూద్దాంలే అంటుంది మా యియ్యపరాలు" అంది. గోడగడియారం ముందు నిలబడి లెక్కపెడితే అరవై దాటింది. అప్పటికప్పుడు ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్ళాం. ఆరు రోజులుంది. పాప దక్కింది. దారిలో ఆటోలో ఆ అమ్మమ్మ అన్న మాట మాత్రం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది: "పోయినేడు పెద్దోడికిట్టా ఐతే రాత్రికి రాత్రే నర్సింగ్‌హోముకి తీస్కపోయిండ్రమ్మా."

అబ్బాయి దగ్గితే ఆటో, అమ్మాయి దగ్గితే కషాయం. ఇది ఒక్క ఇంటి సంగతి కాదని మనందరికీ తెలుసు. న్యుమోకాకస్‌కి మాత్రం ఆడా మగా తేడా లేదు. తేడా చూపించేది మనమే. ఆడపిల్ల విషయంలో ఆ ఒక్కరోజు ఆలస్యం చేయని ఇల్లు మనదవ్వాలి.

ఇక్కడే మరో రెండు సంగతులు చెప్పాలి. నెమ్ము చేస్తే డొక్కల మీద వాతలు పెట్టే ఆచారం ఇంకా చావలేదు. 2023లో మధ్యప్రదేశ్‌లోని షహడోల్ జిల్లాలో మూడు నెలలైనా నిండని పాపకి న్యుమోనియా వస్తే కాల్చిన ఇనుప చువ్వతో యాభైకి పైగా వాతలు పెట్టారు. ఆ పసికందు చనిపోయింది. రెండోది మన ఇళ్ళలోదే. నీళ్ళుపోసేటప్పుడు ముక్కులో నూనె చుక్కలు వేయడం! ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే అది మరో రకం న్యుమోనియా తెస్తుంది. ఒంటికి నూనె రాయండి, నలుగు పెట్టండి, ముక్కు జోలికి మాత్రం వెళ్ళకండి.

టీకా కథ

ఈ క్రిమికి టీకా తయారుచేయాలన్న ప్రయత్నం చాలా పాతది. 1911లో దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికులు న్యుమోనియాతో రాలిపోతుంటే ఆల్మ్‌రోత్ రైట్ అక్కడ టీకా పరీక్షలు మొదలుపెట్టారు. 1940ల్లో ఒక మంచి టీకా వచ్చింది. కానీ అదే సమయానికి పెన్సిలిన్ కూడా వచ్చేసరికి "ఇక టీకా దేనికి?" అని మూలన పడేశారు. రాబర్ట్ ఆస్ట్రియన్ అనే అమెరికన్ డాక్టరు ఒక్కడూ ఒప్పుకోలేదు. పెన్సిలిన్ ఇచ్చినా జబ్బు ముదిరినవాళ్ళు మొదటి కొద్ది రోజుల్లోనే పోతున్నారని లెక్కలు తీసి చూపించాడు. ఆయన పట్టుదల వల్లే 1977లో 14 రకాలకీ, 1983లో 23 రకాలకీ టీకాలు వచ్చాయి.

అయితే అవి పెద్దవాళ్ళకే పనిచేశాయి. రెండేళ్ళలోపు పిల్లల ఒంటికి ఆ చక్కెర చొక్కాని శత్రువుగా గుర్తుపట్టే శక్తి ఉండదు. శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం పన్నారు. ఊరికి కొత్తగా వచ్చిన మనిషిని ఊళ్ళో తెలిసినవాళ్ళు చెయ్యిపట్టుకుని తీసుకొస్తే అందరూ గుర్తుపెట్టుకుంటారు కదా! అలాగే ఆ చక్కెర పదార్థాన్ని పసివాళ్ళ ఒళ్ళు తేలిగ్గా గుర్తుపట్టే ఒక మాంసకృత్తికి జతచేశారు. దీన్నే కాంజుగేట్ టీకా అంటారు. పొట్టిగా పీసీవీ. 2000లో అమెరికాలో మొదట పిల్లలకి వేయడం మొదలుపెట్టారు. కొన్నేళ్ళకి ఒక వింత బయటపడింది. టీకా వేసింది పిల్లలకైతే, జబ్బు తాతయ్యల్లో, నానమ్మల్లో కూడా తగ్గింది! మనవడి ముక్కులో క్రిమి లేకపోతే ముద్దుపెట్టుకున్న తాతగారికి ఎక్కడినుంచి వస్తుంది?

మన దేశంలో 2017 మే నెలలో హిమాచల్ ప్రదేశ్, బీహార్, ఉత్తరప్రదేశ్‌లలోని కొన్ని జిల్లాలతో మొదలై 2021లో దేశమంతటికీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కూడా 2021లోనే మొదలైంది. పుణెలోని సీరం సంస్థ 10 రకాలకి, మన హైదరాబాదులోని బయలాజికల్ ఇ సంస్థ 14 రకాలకి టీకాలు మన దేశంలోనే తయారుచేశాయి. ఒకప్పుడు కలిగినవాళ్ళకే అందిన టీకా ఇప్పుడు కూలి తల్లి బిడ్డకీ అందుతోందంటే సంతోషించాల్సిన విషయం కాదూ!

ప్రభుత్వ కేంద్రాల్లో ఇది పూర్తిగా ఉచితం. మొత్తం మూడు డోసులు: ఆరు వారాలకి ఒకటి, పద్నాలుగు వారాలకి రెండోది, తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకాతో పాటు బూస్టరు. ప్రైవేటులో డోసు ఖరీదు వేలల్లోనే ఉంటుంది, డోసుల లెక్క కూడా కాస్త వేరు. అక్కడా ఇక్కడా కలిపి వేయించుకునేవాళ్ళు కార్డు తప్పక చూపించాలి.

"ఒక్కరోజే రెండు తొడలకీ సూదులా!" అని జాలిపడేవాళ్ళున్నారు. ఒకేసారి వేయడం వల్ల నష్టమేమీ లేదు. ఒకటి రెండు రోజులు కాస్త జ్వరం, సూది వేసిన చోట వాపు, చిరాకు ఉండవచ్చు. మామూలు జలుబు, కొద్దిపాటి దగ్గు ఉన్నాయని టీకా వాయిదా వేయక్కర్లేదు. పెద్ద జ్వరం ఉన్నా, ఇదివరకు ఏదైనా టీకాకి ఒళ్ళు తీవ్రంగా ఎదురుతిరిగినా ముందే చెప్పండి. ఆలస్యమైపోయిందని పూర్తిగా మానేయకండి. ఏడాది నిండేలోగా తీసుకెళ్ళి అడగండి.

పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య

మొన్నామధ్య మా పక్కింటి పిన్నిగారి అమ్మాయితో కలిసి టీకాలకి వెళ్ళాను. మా వైపు బుధ, శనివారాల్లో వేస్తారు. పద్నాలుగు వారాల డోసు పడ్డాక నర్సమ్మ కార్డు మీద తారీఖు వేసి, "తొమ్మిదో నెలకి ఇక్కడే ఉంటావా, అత్తారింటికి వెళ్ళిపోతావా?" అనడిగింది. "అయిదో నెలలో పంపిస్తారండి" అంది ఈ అమ్మాయి. "మరి అక్కడ టీకాలు ఎక్కడేస్తారో తెలుసా?" తెల్లమొహం వేసింది.

నర్సమ్మ నాతో అంది: "మొదటి రెండూ అందరూ వేయించుకుంటారమ్మా. తొమ్మిదో నెలదే తప్పిపోతుంది. పుట్టింట్లో పేరు రాసుకుంటాం, పిల్ల మెట్టినింట్లో ఉంటుంది. మేం అక్కడ వేయిస్తారనుకుంటాం, వాళ్ళు ఇక్కడ వేయించేశారనుకుంటారు."

ఎంత నిజం! పురిటికి పుట్టింటికి రావడం మన ఆచారం. అయిదో నెలలో సారెతో అత్తారింటికి పంపుతాం. చలిమిడి మరచిపోం, చీర మరచిపోం, పిల్ల కాళ్ళకి పట్టీలు మరచిపోం. టీకా కార్డు మాత్రం పుట్టింటి బీరువాలో ఉండిపోతుంది. ఆ మూడో డోసే రక్షణ ఎక్కువకాలం నిలిచేలా చేసేది.

అమ్మమ్మలకి నా మనవి ఒక్కటే. ఈసారి సారె పెట్టేటప్పుడు పసుపు కుంకుమలతో పాటు ఆ కార్డు కూడా పెట్టండి. దానికి సెల్‌ఫోనులో ఒక ఫొటో తీసుకుని వియ్యపురాలికి పంపండి. మెట్టినింటి ఊళ్ళో ఆశా కార్యకర్త ఎవరో ముందే కనుక్కోండి. నానమ్మలూ, కోడలు గడపలో అడుగుపెట్టగానే పిల్ల ఎంత బరువుందని అడిగే ముందు కార్డు ఏదని అడగండి.

టీకా ఒక్కటే చాలదు

ఆరు నెలలు నిండే దాకా తల్లిపాలే. తేనె, పంచదార నీళ్ళు వద్దు. ఆ తర్వాత పప్పన్నం, ఆకుకూరలు, గుడ్డు అలవాటు చేయాలి. చిక్కిపోయిన పిల్లకి నెమ్ము చేస్తే తట్టుకోవడం కష్టం. మిగతా టీకాలన్నీ, ముఖ్యంగా తట్టు టీకా తప్పకూడదు.

పొయ్యి పొగ పిల్లల్లో న్యుమోనియా ప్రమాదాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. గ్యాసు ఉన్నా సిలిండరు మిగుల్చుకుందామని కట్టెలు రాజేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కనీసం పసిపిల్లని ఒళ్ళో పెట్టుకుని పొయ్యి దగ్గర కూర్చోకండి. తలంటి పోశాక సాంబ్రాణి వేసే అలవాటున్నవాళ్ళు పిల్ల ముఖాన్ని ఆ పొగకి దూరంగా ఉంచండి. ఇంట్లో బీడీ, చుట్ట, సిగరెట్టు కాల్చే మగవాళ్ళని మొహమాటం లేకుండా బయటికి పంపండి. జలుబు చేసినవాళ్ళు చంటిపిల్లని ముద్దాడకుండా చూడండి. చేతులు సబ్బుతో కడుక్కోనిదే పిల్లని ఎత్తుకోనివ్వకండి. ఎవరైనా ఏమైనా అనుకుంటే అనుకోనివ్వండి!

పెద్దవాళ్ళనీ మరవకండి

పసివాళ్ళ తర్వాత ఈ క్రిమి గురిపెట్టేది అరవై దాటినవాళ్ళని. షుగరు, గుండెజబ్బు, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి, పొగతాగేవాళ్ళకి, ప్లీహం తీసేసినవాళ్ళకి, సికిల్‌సెల్ ఉన్నవాళ్ళకి వయసుతో పనిలేకుండా ప్రమాదం ఎక్కువ.

ముసలివాళ్ళలో న్యుమోనియా దొంగలా వస్తుంది. జ్వరం ఉండకపోవచ్చు, దగ్గు కూడా పెద్దగా లేకపోవచ్చు. నిన్నటి దాకా పేపరు చదివిన మామగారు ఇవాళ రోజేదో మరిచిపోతారు. అత్తగారు అన్నం వద్దంటారు, పొంతన లేకుండా మాట్లాడతారు. దాన్ని చాదస్తం కింద కొట్టేయకండి. ఉన్నట్టుండి వచ్చిన తికమకకి వెనుక నెమ్ము ఉండవచ్చు. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు చాలా ఇళ్ళలో సొరుగులో పడి ఉంది. తీసి వేలికి పెట్టండి. 94 కన్నా తక్కువ చూపిస్తే డాక్టరుకి చెప్పండి. మామూలుగా ఉందని చూపించినా, మనిషి తేడాగా ఉంటే చూపించడమే మేలు.

పెద్దవాళ్ళకీ ఈ టీకాలున్నాయి. ఉచిత కార్యక్రమంలో పిల్లలకే ఇస్తున్నారు గనుక వీళ్ళకి కొనాల్సిందే. ఏది, ఎప్పుడు అన్నది వారి జబ్బులను బట్టి డాక్టరు చెబుతారు. ఈసారి షుగరు పరీక్షకి వెళ్ళినప్పుడు ఆ మాట మీరే అడగండి. ఫ్లూ టీకా గురించి కూడా అడగండి. ఫ్లూ వెనకాలే వచ్చే న్యుమోనియాలో ఈ క్రిమి చెయ్యి తరచూ ఉంటుంది.

మందుతో ఆటలొద్దు

న్యుమోకాకస్‌కి మందులున్నాయి, వేళకి వాడితే బాగా పనిచేస్తాయి. కానీ మనం చేసే పొరపాట్ల వల్ల అది మొండికేస్తోంది. 1977లోనే దక్షిణాఫ్రికాలో పలు మందులకి లొంగని రకం బయటపడింది. మామూలు జలుబుకి యాంటీబయాటిక్ పనిచేయదు. పోయిన నెల పెద్దాడికి రాసిన సీసాలో మిగిలింది చిన్నదానికి పోయకండి. మందుల షాపు అబ్బాయి సలహా మీద కొనకండి. డాక్టరు అయిదు రోజులు వేయమంటే మూడో రోజు జ్వరం తగ్గిందని మానేయకండి. మందు మొదలుపెట్టి రెండు రోజులైనా గుణం కనిపించకపోతే, లేదా ఈలోగానే ఎక్కువైతే, మళ్ళీ చూపించండి.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకి అలవాటు. ఈ జబ్బులో ఆకులు ముందే మన చేతికొచ్చాయి. మూడు డోసుల టీకా ఉచితంగా దొరుకుతోంది. గుర్తుపట్టే విద్య ఒక్క నిమిషంలో వస్తుంది. ఈ రాత్రి మీ ఇంట్లో చిన్నది నిద్రపోయాక పక్కన కూర్చుని, ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి దాని ఊపిరి లెక్కపెట్టి చూడండి. మామూలుగా ఎంత ఉంటుందో తెలిస్తేనే రేపు ఎక్కువైనప్పుడు తేడా తెలుస్తుంది. అలాగే బీరువా తీసి టీకా కార్డు బయటికి తీయండి. 'పీసీవీ' అన్న చోట మూడు తారీఖులున్నాయా? లేకపోతే వచ్చే బుధవారం మీకు ఆస్పత్రిలో పని ఉందన్నమాట!